బత్తాయి: పరాయి రేవుల పేర్లు మోసే పండు

నల్లగొండ జిల్లాలో నాంపల్లి, గుర్రంపోడు, పెద్దవూర, కనగల్ మండలాల తోటల్లో కాసే పండును రైతులు బత్తాయి అంటారు. అదే కాయ లారీ ఎక్కి హైదరాబాద్ చేరి, రసం తీసే బండి మీదికి వచ్చేసరికి మోసంబి అవుతుంది. ఉర్దూ మాట్లాడే గల్లీల్లో మౌసంబి అవుతుంది. అంటు మొక్కలు అమ్మే నర్సరీల్లోనూ, ఉద్యాన శాఖ కాగితాల్లోనూ దాని పేరు సాత్‌గుడి. మహబూబ్‌నగర్ మీదుగా కృష్ణను, తుంగభద్రను దాటి అనంతపురం వైపు పోతే జనం దాన్ని చీనీ అంటారు. ఒక్కరోజు బస్సు ప్రయాణంలో ఇన్నిసార్లు పేరు మార్చుకునే పండ్లు అరుదు. అంతకన్నా విశేషమైన సంగతి మరొకటి ఉంది. ఈ నాలుగు పేర్లలో ఏదీ కాయ రుచినో, రంగునో, ఆకారాన్నో చెప్పదు. బత్తాయిలో జావా దీవిలోని ఒక పట్నం ఉంది. మోసంబిలో ఆఫ్రికా తూర్పు తీరపు ఒక రేవు ఉంది. చీనీలో చైనా ఉంది. సాత్‌గుడి కూడా వినడానికి ఊరి పేరులాగే ఉంటుంది. తెలుగు రైతు పెంచి, తెలుగు నేల మీద పండిన ఈ కాయకు తెలుగు నేలను సూచించే పేరు ఒక్కటీ లేదు.

పేర్ల సంగతికి ముందు కాయ సంగతి కొంత తేల్చుకోవాలి. ఆంగ్లంలో దీన్ని తీపి నిమ్మ అనే అర్థం వచ్చే పేరుతో పిలవడం వల్ల బత్తాయి నిమ్మజాతిది అనే అపోహ బాగా పాతుకుపోయింది. తీపి నిమ్మ అనేది వేరే చెట్టు. తెలుగు రాష్ట్రాల్లో పెంచే సాత్‌గుడి, మహారాష్ట్రలో పెంచే మోసంబి ఒకే జాతిలోని రెండు రకాలు. ఆ జాతి తీపి నారింజ. రసం బండి దగ్గర ఈ రెండు రకాల భేదాన్ని ఎవరూ పాటించరు, పాటించనవసరమూ లేదు. తీపి నారింజ అడవిలో తనంతట తాను పుట్టిన మూలజాతి కాదు. పంపరపనసకూ సంత్రా జాతికీ జరిగిన సంకరం నుంచి, చాలాకాలం క్రితం, చైనా దక్షిణ భాగమూ దాని చుట్టుపక్కల ప్రాంతాలూ కలిసిన నేలలో ఇది రూపుదిద్దుకుంది. లినేయస్ 1753లో మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టినప్పుడు దీన్ని పుల్ల నారింజలోనే ఒక భేదంగా లెక్కవేసి సైనెన్సిస్ అనే విశేషణం తగిలించాడు. చైనాకు పోయి వచ్చిన ఆయన శిష్యుడు పెహ్ర్ ఓస్బెక్ 1765లో దాన్ని ప్రత్యేక జాతిగా సిట్రస్ సైనెన్సిస్ అన్నాడు. సైనెన్సిస్ అంటే చైనాకు చెందినది. అనంతపురం రైతు చీనీ అనే మాటలో చెప్పేదీ అదే.

ఈ పండు పేర్లన్నిటినీ ఒక చోట పేర్చి చూస్తే ఒక క్రమం కనబడుతుంది. పేరు సాధారణంగా పండు పుట్టిన చోటును చెప్పదు. ఆ భాష మాట్లాడే జనానికి పండు ఏ రేవు నుంచి, ఏ వర్తకుడి చేతి నుంచి అందిందని అనిపించిందో దాన్ని చెబుతుంది. చైనా పేరు ఉన్న చోట మాత్రం ఈ రెండూ యాదృచ్ఛికంగా కలిశాయి. ఇది అర్థం కావాలంటే మొదట దీనికన్నా పాత పండు, అంటే పుల్ల నారింజ, ఎలా ప్రయాణించిందో చూడాలి. ఆ పండు పేరు ఇక్కడి నుంచే బయలుదేరింది.

సంస్కృతంలో నారంగం, పారసీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పానిషులో నారాంహా, పోర్చుగీసులో లరాంజా: ఇవన్నీ ఒకే మాటకు పలు రూపాలు. సంస్కృత రూపం కూడా మొదటిది కాకపోవచ్చని, అది ద్రావిడ భాషల నుంచి సంస్కృతంలోకి వెళ్లిందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. తమిళంలో నాఱు అనే ధాతువుకు వాసన వెదజల్లడం అని అర్థం. తమిళంలో నారత్తై అంటే ఊరగాయ పెట్టుకునే పుల్ల నారింజ వంటి కాయ. మలయాళంలో నారంగ అంటే నిమ్మ, నారింజ కుటుంబంలోని ఏ కాయైనా కావచ్చు. అందుకే అక్కడ నిమ్మకాయను చెఱునారంగ అనీ, తీపిదాన్ని మధురనారంగ అనీ విడదీసి చెప్పాల్సి వస్తుంది. వాసనగల కాయ అనే అర్థంలో నారు, కాయ కలిసి నారంగాయగా, ఆపైన నారంగగా మారిందనే వివరణ ధ్వని రీత్యా సులువుగా పొసుగుతుంది. ఒక చిత్రం: ఆ ధాతువుకు పాత తమిళంలో ఉన్న సువాసన అనే అర్థం నేడు చెడిపోయింది. ఇప్పటి తమిళంలో నాట్రం అంటే దుర్వాసన, కన్నడంలో నారు అంటే కంపు కొట్టడం. కాయ పేరులో మాత్రం పాత గౌరవం నిలిచిపోయింది. నాగరంగం అనే మరో సంస్కృత రూపాన్ని పట్టుకుని, నారింజలు అతిగా తిని చచ్చిన ఏనుగు కథ ఒకటి చెబుతుంటారు. అది పేరు పుట్టిన తర్వాత పేరు కోసం అల్లిన కథ, చరిత్ర కాదు.

ఈ కాయ పడమటికి వెళ్లిన తీరును చెప్పే సాక్ష్యం ఒకటి గట్టిది ఉంది. 10వ శతాబ్దపు అరబ్బీ చరిత్రకారుడు అల్ మసూదీ, నారింజ చెట్టును హిజ్రీ 300 తర్వాత, అంటే క్రీస్తు శకం 912–13 తర్వాత, భారతదేశం నుంచి తెచ్చి మొదట ఒమాన్‌లో నాటారని, అక్కడి నుంచి బస్రాకు, ఇరాక్‌కు, సిరియాకు చేరిందని రాశాడు. ఇక్కడి నేల, నీరు, గాలి అక్కడ లేకపోవడం వల్ల కాయ తన ఘాటైన సువాసనను, అందమైన రంగును పోగొట్టుకుందని కూడా ఆయనే చెప్పాడు. వాసనను బట్టి పేరు తెచ్చుకున్న కాయ, వాసన తగ్గి పేరు మాత్రం మిగుల్చుకుని మధ్యధరా సముద్రం దాకా పోయిందన్నమాట. అరబ్బీలో గకారం లేకపోవడంతో నారంగ్ నారంజ్ అయింది. తెలుగులో నారంగం, నారింజ అనే రెండు రూపాలూ ఉండటం, వాటిలో వాడుకలో నిలిచిన నారింజ జకారంతో అరబ్బీ రూపానికి దగ్గరగా ఉండటం గమనించదగ్గవి. మాట పడమటికి పోయి తిరిగొచ్చిందేమో అనిపించడం సహజమే కానీ, ఆ పోలిక ఒక్కటే రుజువుగా చాలదు.

స్పెయిన్ దాటిన తర్వాత ఈ మాటకు రెండు మార్పులు జరిగాయి. ఇటలీలోనూ ఫ్రాన్సులోనూ పేరుకు ముందు వచ్చే ఉపపదం, అంటే ఒక అనే అర్థమిచ్చే చిన్న మాట, దాని చివరి నకారానికీ, పేరులోని తొలి నకారానికీ ఎడం లేకుండా పలకడంతో ఒక నకారం ఉపపదానిదే అనుకుని పేరు నుంచి తీసేశారు. నరాంచా అరాంచా అయింది. అదే సమయంలో కాయ బంగారు రంగు చూసి, లాటిన్‌లో బంగారానికి ఉన్న ఆరుమ్ అనే మాటను అందులో విన్నారు. మధ్యయుగపు లాటిన్‌లో దాన్ని ఆరాంటియుమ్ అని రాయడం ఇందుకే. ఆంగ్లంలో నకారం ఊడిపోవడం ఇంగ్లండులోనే జరిగిందని తరచుగా చెబుతారు. అది సరికాదు, ఆ మాట ఇంగ్లండు చేరేసరికే నకారం పోయి ఉంది. హంగరీలో నరాంచ్‌గా, క్రొయేషియాలో నరాంచాగా నకారం భద్రంగానే ఉంది. పోలండు, చెక్ భాషల్లో మాత్రం ముందు పండు అనే లాటిన్ మాట చేరి పొమరాంచా, పొమెరాంచ్ అయింది.

ఇంతవరకూ ఇది పులుపు కాయ కథ. తీపి నారింజ ఐరోపాలో బాగా వ్యాపించింది 15, 16 శతాబ్దాల్లో. మేలైన రకాలను తూర్పు నుంచి తెచ్చి అమ్మినవారిలో పోర్చుగీసు నావికులు ముఖ్యులు. పాత కాయకు పాత పేరు ఉండగా, దాన్ని పోలిన కొత్త కాయ వచ్చేసరికి చాలా భాషలు చేసిన పని ఒకటే: పాత పేరును పుల్లదానికి వదిలేసి, తీపిదానికి అది తెచ్చినవారి పేరు పెట్టడం. పారసీకంలో నారంజ్ పుల్లది, పోర్తెఖాల్ తీపిది. అరబ్బీలో నారంజ్ పుల్లది, బుర్తుఖాల్ తీపిది. గ్రీకులో నెరాంజి పుల్లది, పోర్తొకాలి తీపిది. తుర్కీలో పోర్తకాల్, రుమేనియాలో పోర్తొకాలా, ఇథియోపియాలో బిర్తుకాన్: అన్నీ పోర్చుగలే. ఇటలీ దక్షిణాన నేపుల్స్ మాండలికంలో కూడా పోర్చుగల్ పేరే ఉంది. పోర్చుగల్‌లో మాత్రం తమ దేశం పేరు పండుకు పెట్టుకోలేదు. వాళ్లు ఇప్పటికీ లరాంజా అనే అంటారు, అంటే మన నారంగమే.

ఉత్తర ఐరోపాలో పోర్చుగల్ స్థానాన్ని చైనా తీసుకుంది. డచ్చి భాషలో సినాస్‌ఆపెల్, జర్మన్‌లో ఆప్‌ఫెల్‌సీనె, స్వీడన్‌లోనూ రష్యాలోనూ అపెల్‌సిన్: వీటన్నిటి అర్థం చైనా ఆపిల్. అల్జీరియా అరబ్బీలో నారింజను చీనా అంటారు. కరీబియన్ సముద్రంలోని ప్యూర్టోరికో దీవిలో కూడా దాని పేరు చీనాయే. ప్యూర్టోరికో హోటల్లో చీనా రసం అడిగేవారూ, తాడిపత్రి అంగట్లో చీనీకాయలు బేరమాడేవారూ ఒకరి ఉనికి ఒకరికి తెలియకుండానే ఒకే పేరు పలుకుతున్నారు. ఆ పండుకు పుట్టినిల్లయిన చైనాలో దాని పేరు చెంగ్. అక్కడ దేశం పేరుతో పనిలేదు. తెలుగులో నారింజ, బత్తాయి అని రెండు పేర్లు ఉండటం కూడా సరిగ్గా గ్రీకు, పారసీక, అరబ్బీ భాషల్లో కనిపించే జంటే: పాత పేరు ఒకటి, రేవు పేరు ఒకటి. తేడా అల్లా, వాళ్లకు ఆ రేవు పోర్చుగల్ అయితే మనకు బతావియా అయింది.

బతావియా అంటే నేటి జకార్తా. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1619లో జావా దీవిలోని జయకర్త పట్నాన్ని గెలుచుకుని, దాని స్థానంలో కోట కట్టుకుని, రైన్ నది ముఖద్వారంలో ప్రాచీన కాలంలో నివసించిన బతావి అనే తెగ పేరు పెట్టింది. డచ్చివారు ఆ తెగను తమ పూర్వులుగా చెప్పుకునేవారు. ఆ లెక్కన నల్లగొండ బత్తాయి చివరికి ఒక జర్మానిక్ తెగ పేరు మోస్తున్నదని తేలుతుంది, ఎవరూ కావాలని చేసిన పని కాకపోయినా. పట్నం పేరును 1942లో జపానువారు జకార్తాగా మార్చారు. జకార్తా స్థానిక జనాన్ని బెతావి అనడంలోనూ, తెలుగువారి పండ్ల బుట్టలోనూ పాత పేరు బతికి ఉంది.

బతావియాతో తెలుగు నేలకు ఉన్న సంబంధం చిన్నది కాదు. డచ్చివారు 17వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లోనే మచిలీపట్నంలో దిగారు. తర్వాత పులికాట్, పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం వంటి చోట్ల వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. తీరానికి దూరంగా, నేటి ఖమ్మం జిల్లాలోని నాగులవంచలో కూడా ఆ శతాబ్దపు రెండో సగంలో వారి స్థావరం ఒకటి ఉండేది. తెలుగు నేతగాళ్ల బట్టలు బతావియాకు పోయి, అక్కడి నుంచి సుగంధ ద్రవ్యాలు ఇటు వచ్చేవి. మచిలీపట్నం నుంచి గోల్కొండకు సరుకు నడిచిన బాట నేటి సూర్యాపేట, నల్లగొండ సీమల మీదుగానే పోయేది. ఇంత రాకపోకలున్న పట్నం పేరు ఒక సరుకుకు అంటుకోవడంలో ఆశ్చర్యం లేదు. బతావియాలోని తకారం తెలుగులో ద్విత్వం కావడమూ కొత్త కాదు. పోర్చుగీసు బొతావ్ తెలుగులో బొత్తాం అయింది. బత్తావి నారింజ అనే విశేషణ రూపంలో మొదలై, వకారం యకారంగా మారి, నారింజ అనే విశేష్యం రాలిపోయి, విశేషణమే పండు పేరుగా మిగిలింది. బందరు లడ్డూను ఒట్టి బందరు అని పిలిస్తే ఎలా ఉంటుందో అలాంటిది ఇది.

బతావియా పేరు పెట్టుకున్నంత మాత్రాన ఈ పండు అక్కడి నుంచే వచ్చిందని నమ్మనవసరం లేదు. బెంగాలీలో బాతాబి లేబు అనే పండు ఉంది. మాటకు మాటగా అది కూడా బతావియా నిమ్మే. కానీ బెంగాలీలు ఆ పేరుతో పిలిచేది బత్తాయిని కాదు, పంపరపనసను. ఒకే పట్నం పేరు బంగాళాఖాతానికి ఈ చివర ఒక కాయకూ ఆ చివర మరో కాయకూ అంటుకుందంటే, ఆ పేరు వృక్షశాస్త్రం చెప్పడం లేదని స్పష్టమవుతుంది. ఓడ మీద వచ్చిన మేలురకం అనే ముద్రను మాత్రమే అది వేస్తోంది. సీమచింత, సీమసున్నం వంటి మాటల్లో సీమ చేసే పనినే ఇక్కడ బత్తావి చేసింది.

పంపరపనస ప్రస్తావన వచ్చింది కనుక దాని సంగతీ చెప్పుకోవాలి. డచ్చి భాషలో ఆ కాయను పొంపెల్‌ముస్ అంటారు. తమిళంలో అది పంబళిమాసు అయింది. తెలుగు పంపరపనస కూడా అదే కోవలోనిది. తెలుగు నోటికి అర్థం లేని మాటలో తెలిసిన ముక్క ఒకటి వినిపించగానే చివరి భాగాన్ని పనసగా దిద్దుకున్నారు. పెద్ద కాయ కావడం, లోపల తొనలు ఉండటం ఆ దిద్దుబాటుకు సాయపడి ఉంటాయి. పనసకూ దానికీ వృక్షశాస్త్రపరంగా ఏ చుట్టరికమూ లేదు. ఇక డచ్చివారి సంగతి మరీ తమాషా. వారి రాజవంశం పేరు ఒరాన్యె. వారి జాతీయ వర్ణం నారింజ రంగు. కానీ ఆ వంశనామం పండు నుంచి రాలేదు. దక్షిణ ఫ్రాన్సులోని ఒరాంజ్ అనే ఊరు, పూర్వం అరౌసియో అనే కెల్టిక్ పేరుతో ఉన్నది, 1544లో, తర్వాతి కాలంలో డచ్చివారి నాయకుడైన విలియంకు వారసత్వంగా రావడంతో ఆ పేరు వంశానికి దక్కింది. పండుకూ ఊరికీ పేరు కలవడం కాకతాళీయమే. ఆ వంశం ఏలే దేశంవారు పండును చైనా ఆపిల్ అంటే, వారు కట్టిన పట్నం పేరుతో దాన్ని పిలిచేది మాత్రం తెలుగువారు.

మోసంబి దారి వేరు. ఈ పేరు మొజాంబిక్ నుంచి వచ్చిందనడంలో పెద్ద వివాదం లేదు. వాస్కో డ గామా 1498లో కళ్లికోట చేరడానికి ముందు మొజాంబిక్ దీవిలో ఆగాడు. ఆ దీవి పేరు అక్కడ ఏలిన ఒక అరబ్బు షేక్ పేరు నుంచి, అంటే మూసా బిన్ బిక్ వంటి పేరు నుంచి వచ్చిందని చెబుతారు. తర్వాతి కాలంలో లిస్బన్ నుంచి గోవాకు వచ్చే పోర్చుగీసు ఓడలు గాలివాటం కోసం ఎదురుచూసే మజిలీ అదే. గోవాకు ఆనుకుని ఉన్న మరాఠీ నేలలో మోసంబె అనే రూపమూ, కన్నడ మలయాళాల్లో మోసంబి, ముసంబి అనే రూపాలూ స్థిరపడటం ఈ వివరణకు బలం. పడమటి తీరం పోర్చుగీసు రేవు పేరు పెట్టుకుంటే తూర్పు తీరం డచ్చి రేవు పేరు పెట్టుకుంది. హైదరాబాద్ ఈ రెండు తీరాల నడుమ ఉండటం వల్ల రెండు పేర్లూ ఆ నగరంలోనే కలుసుకున్నాయి. పల్లె నుంచి వచ్చిన కాయతో బత్తాయి వచ్చింది, మరాఠ్వాడా వైపు నుంచి వచ్చిన సరుకుతోనూ ఉర్దూతోనూ మోసంబి వచ్చింది. ఉత్తరాదిన ఈ మాటకు మరో మలుపు ఉంది. మొజాంబిక్ గుర్తుకు రాని హిందీ జనం అందులో మౌసం, అంటే రుతువు, అనే తమ మాటను విని మౌసమీ అనడం మొదలుపెట్టారు. తెలంగాణలో ఏటా ఒక కాపు కాక కత్తెర కాపు కూడా తీసే ఈ చెట్టుకు రుతువు పేరు అతకడం అంత అన్యాయం ఏమీ కాదు గానీ, పుట్టుక మాత్రం అది కాదు.

పండ్లకు రేవుల పేర్లు ఇంతగా ఎందుకు పట్టుకున్నాయి? వర్తకం ఒక్కటే కారణం అయితే మిరియాలకు, లవంగాలకు కూడా ఇలాగే పట్టుకోవాలి. నారింజ ఓడలో సరుకు మాత్రమే కాదు, మందు కూడా. నెలల తరబడి తాజా ఆహారం లేని నావికులకు చిగుళ్లు ఉబ్బి నెత్తురు కారే స్కర్వీ జబ్బు పట్టుకునేది. సి విటమిన్ లోపమే దానికి కారణమని తెలియడానికి ఇంకా చాలా కాలం ఉన్నా, నారింజ, నిమ్మ తింటే తగ్గుతుందని నావికులు అనుభవంతో గ్రహించారు. వాస్కో డ గామా తొలి యాత్రలో ఆయన మనుషులు మొంబాసా వద్ద నారింజలు అందుకున్నారు. తిరుగు ప్రయాణంలో 1499 జనవరిలో మలిందీ చేరగానే రోగులు అడుగుతున్నారని ఒడ్డుకు మనిషిని పంపి నారింజలు తెప్పించారు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు స్కర్వీ రోగులను జంటలుగా విడదీసి ఒక్కో జంటకు ఒక్కో మందు ఇచ్చి చూస్తే, నారింజలు, నిమ్మకాయలు తిన్న ఇద్దరే త్వరగా కోలుకున్నారు. అందుకే ఓడలు ఆగే చోటల్లా పండ్ల తోటలు వెలిశాయి. డచ్చివారు 1652లో ఆఫ్రికా దక్షిణ కొసన తోట వేసింది ప్రధానంగా తమ ఓడలకు కూరగాయలు, పండ్లు అందించడానికే. నారింజ తోటకూ రేవుకూ విడదీయరాని లంకె ఇలా ఏర్పడింది. రేవులో దిగిన మేలురకం కాయను చూసినవారు, ఆ ఓడ అంతకుముందు ఎక్కడ ఆగిందో అడిగి, ఆ చోటి పేరు పెట్టుకున్నారు. ఏ చెట్టుది, ఎవరి నేలది అనే విచారణ ఎవరికీ పట్టలేదు.

సాత్‌గుడి గురించి చెప్పవలసింది కొద్దిగానే ఉంది. తమిళంలో ఈ కాయ పేరు సాత్తుక్కుడి. తూత్తుక్కుడి, మన్నార్‌గుడి, పరమక్కుడి వంటి ఊళ్ల పేర్ల చివర ఉండే కుడి, అంటే నివాసం, ఇందులోనూ వినబడటంతో తమిళులకు ఇది ఊరి పేరులాగే తోస్తుంది. వేలూరు వైపున ఉన్న సాత్‌గఢ్‌తో దీన్ని ముడిపెట్టే వివరణ కూడా ఉంది. రాయలసీమ చీనీ విషయంలో మరో చిక్కు ఉంది. హిందీలో చీనీ అంటే పంచదార. తీపి కాయ కాబట్టి పంచదార పేరు వచ్చిందని కొందరు అనుకుంటారు. అయితే పంచదారకు చీనీ అనే పేరు వచ్చింది కూడా చైనా నుంచే, కలకండకు మిశ్రీ అనే పేరు ఈజిప్టుకు అరబ్బీ పేరైన మిస్ర్ నుంచి వచ్చినట్టు. పండుకు చైనా పేరు జర్మనీ నుంచి ప్యూర్టోరికో దాకా ఉండగా, రాయలసీమలో మాత్రం పంచదార మీదుగా వచ్చిందనడం చుట్టుదారి.

పక్కనే ఉన్న సంత్రాకు కూడా పోర్చుగల్‌తో చుట్టరికం కలిపే ప్రయత్నం జరిగింది. లిస్బన్ దగ్గరి సింత్రా అనే ఊరి నుంచి సంత్రా వచ్చిందని ఒక వాదం. మొగలు చక్రవర్తి బాబర్ 1520ల చివర హిందుస్థాన్ పండ్లను వర్ణిస్తూ సంగ్‌తరా అనే కాయను ప్రస్తావించాడు. అప్పటికి పోర్చుగీసువారు పడమటి తీరపు రేవుల్లో కాలు మోపి మూడు దశాబ్దాలు మాత్రమే అయింది. ఆ కొద్ది కాలంలో ఒక పోర్చుగీసు ఊరి పేరు ఉత్తర భారతంలో ఇంటి మాటగా మారి, పారసీక రూపం కూడా తొడుక్కుందని నమ్మడం కష్టం. ఇదే కుటుంబపు కాయకు ఐరోపా భాషల్లో ఉన్న మాండరిన్ అనే పేరు మాత్రం మనవైపు చూస్తుంది. చైనా ఉన్నతోద్యోగులకు పోర్చుగీసువారు పెట్టిన మాండరిం అనే పేరు మలయ భాషలోని మెంతెరి నుంచి, అది సంస్కృతంలోని మంత్రి నుంచి వచ్చాయి.

రంగు విషయంలో నల్లగొండ కాయకు ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. తెలుగులోనూ ఆంగ్లంలోనూ ఈ పండు పేరు ఒక రంగుకు పేరైంది, కానీ ఇక్కడి బత్తాయి పండినా ఆ రంగులో ఉండదు. తొక్కలోని పచ్చదనం పోయి అడుగున ఉన్న పసుపు, నారింజ వర్ణాలు బయటపడాలంటే కాయ ముదిరే కాలంలో చల్లని రాత్రులు కావాలి. దక్షిణ తెలంగాణలో ప్రధాన కాపు కోతకు వచ్చేది వానాకాలపు ఉక్క ఇంకా వీడని రోజుల్లో కనుక కాయ ఆకుపచ్చగానో లేత పసుపుగానో ఉండగానే లోపల రసం నిండి తీపెక్కుతుంది. మధ్యధరా తీరంలో పండినదానికి రాత్రి చలి వల్ల నిండు రంగు వస్తుంది. దీన్ని తీపి నిమ్మ అని ఆంగ్లంలో పొరబడటానికి కూడా ఈ పచ్చదనమే కారణం కావచ్చు.

చెట్టు లోపలికి చూస్తే ఊళ్ల పేర్లు ఇంకా ఉన్నాయి. బత్తాయిని విత్తనంతో పెంచరు. వేరు జబ్బులను తట్టుకునే, నిమ్మ, నారింజ కుటుంబంలోని మరో మొక్క మీద కన్ను అంటు కడతారు. తెలుగు రాష్ట్రాల్లో ఇందుకు ఎక్కువగా వాడేవి జంభేరి, రంగపూర్ నిమ్మ. జంభేరి సంస్కృత జంబీరం నుంచి వచ్చింది, రంగపూర్ నేటి బంగ్లాదేశ్‌లోని పట్నం. కొండమల్లేపల్లి పరిశోధన కేంద్రం పరిసరాల్లో పెరిగే చెట్టు అయినా, దేవరకొండ గుట్టల పక్కన బోరు నీటితో పెరిగే చెట్టు అయినా, రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టిందైతే, పేర్లను బట్టి వేరు రంగపూర్‌ది, కొమ్మ బతావియాది. ఉత్తరాదిన పంజాబులో, ఉత్తరాఖండ్ కొండల్లో ఇదే జాతి కాయను మాల్టా అంటారు. అక్కడ మధ్యధరా సముద్రంలోని మరో దీవి వచ్చి చేరింది.

ఇటీవలి సంవత్సరాల్లో హైదరాబాద్ పండ్ల దుకాణాల్లోకి ఈజిప్టు, దక్షిణాఫ్రికా దేశాల నుంచి మైనం పూత పూసిన, చిన్న స్టిక్కరు అంటించిన తీపి నారింజలు వస్తున్నాయి. జాతి రీత్యా అవి బత్తాయిలే. వాటిలో ఎక్కువగా కనిపించే రకం పేరు వెలెన్షియా, అది స్పెయిన్‌లోని ఒక రేవు పట్నం. దుకాణదారులు మాత్రం వాటిని బత్తాయి అనరు, మోసంబి అనీ అనరు, ఆరెంజ్ అంటారు. దక్షిణ భారతం నుంచి నారంగగా బయలుదేరి, అరబ్బుల దగ్గర గకారాన్ని, ఇటలీ ఫ్రాన్సుల్లో నకారాన్ని వదులుకున్న మాట ఆంగ్లం మీదుగా ఇలా తిరిగొచ్చింది. ఒకే జాతి పండు ఒకే దుకాణంలో పక్కపక్క బుట్టల్లో రెండు పేర్లతో, రెండు ధరలతో అమ్ముడవుతోంది, స్టిక్కరు ఉన్నదానికి ధర ఎక్కువ.